మడమ పైన గుంట

కంకిపాడులో కొత్తగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్న ఒకమ్మాయి, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే, ఈ మధ్య ఫోన్ చేసింది. "మేడమ్, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది యాభై దాటినవాళ్ళే. షటిలో, వాలీబాలో ఆడి, ఏదో ఒకటి పట్టేసిందని వస్తున్నారు. వీళ్ళని ఏ డాక్టరు దగ్గరికి పంపమంటారు? మంచి పేరొకటి చెప్పండి, చాలు" అంది.

నేను చెప్పలేదు. పేర్లు తెలియక కాదు. బెజవాడలో ముప్పై రెండేళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాను. ఎవరి చెయ్యి ఎలాంటిదో, ఎవరి నోరు ఎలాంటిదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ నేను కూడా ఒక పెద్ద పేరు చాటున చాలా ఏళ్ళు హాయిగా బతికాను. దానివల్ల ఒక మనిషి కాలు పాడైంది. ఆ సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని, "రాసి పంపిస్తాలే" అన్నాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు చదువుకోవచ్చు. వయసు మళ్ళినా ఆట మానలేనివాళ్ళు చదివితే ఇంకా మంచిది.

కరెంటు పెట్టే మేడమ్

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఫిజియోథెరపీ అంటే ఏమిటో రోగులకే కాదు, మా చుట్టాలకీ తెలియదు. తెల్లకోటు చూసి నర్సనుకుని "సిస్టరూ" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి "కరెంటు పెట్టే మేడమ్" అయ్యాను. నొప్పి ఉన్నచోట మిషనుతో చురుక్కుచురుక్కుమని కరెంటు పెట్టించుకుంటేనే వైద్యం జరిగినట్టు, లేకపోతే మోసం జరిగినట్టు. మా అమ్మయితే చర్చిలో నలుగురికీ "మా ఎస్తేరు నొప్పుల డాక్టరు" అని చెప్పుకునేది. పక్కనే ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

యాభై దాటిన ఆటగాడు మన దగ్గరికి నేరుగా రాడు. ముందు ఇంట్లో దాస్తాడు. నొప్పి అన్నాడంటే భార్య బ్యాట్ తీసి అటక మీద పెట్టేస్తుందని భయం. తర్వాత గ్రౌండులో తోటివాళ్ళు చెప్పిన నూనెలు రాస్తాడు. మెడికల్ షాపులో ఒక మాత్ర మింగుతాడు. అప్పటికీ తగ్గకపోతే కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళి, కోడిగుడ్డు సొనా ఆకుపసరూ వేయించుకుని, ఆ కాలిని ఎత్తిపెట్టుకుని వారం రోజులు టీవీ చూస్తాడు. ఇవన్నీ అయ్యాక డాక్టరు, డాక్టరు తర్వాత నేను. మన బల్ల ఎక్కేసరికే ఆ కాలు నాలుగు చేతులు మారి ఉంటుంది. ఈ ముచ్చట్లేవీ తనంతట తాను చెప్పడు, అడిగినా సగమే చెబుతాడు.

ఎందుకు దాస్తాడంటే, ఉన్నదున్నట్టు చెబితే "ఆట మానెయ్యండి" అంటామేమోనని. ఉత్తి భయం కూడా కాదది. మేమందరం అదే అనేవాళ్ళం.

పెద్ద డాక్టరు గారి చీటీ

మా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గారిని అందరం పెద్ద డాక్టరు గారనే పిలిచేవాళ్ళం. ఆయన గురించి చెడ్డగా రాయడం నా ఉద్దేశం కాదు. లారీ గుద్దిన కాళ్ళు, వరికోత మిషన్లో నలిగిన చేతులు, ఇంకొకరైతే తీసేద్దామనేవి, ఆయన నిలబెట్టడం కళ్ళారా చూశాను. కూలివాళ్ళైనా రైస్ మిల్లు ఓనరైనా ఆయన దగ్గర ఒకటే లైను. పని మీద భయమూ భక్తీ నాకు నేర్పింది ఆయనే.

కానీ ఆయనకి ఆటలంటే గిట్టదు. తనెప్పుడూ ఆడింది లేదు, ఆడేవాళ్ళని చూసే తీరికా లేదు. ఓపీ చీటీ అందుకోగానే మొదట చూసేది వయసు. నలభై ఐదు దాటిందా, ఇక కాలు చూసేవారు కాదు, ఎక్స్‌రే చూసేవారు. "అరుగుదల మొదలైందండీ. ఈ వయసులో ఇంకా ఆటలేంటి? పొద్దున్నే కాలవగట్టున నడవండి, చాలు" అనేవారు. వచ్చినవాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుని లేచేవాళ్ళు. కొందరు నిజంగానే మానేసేవాళ్ళు. ఎక్కువమంది డాక్టర్నే మానేసేవాళ్ళు.

ఆయన రాసిన చీటీ పట్టుకుని రోగి నా గదికి వచ్చేవాడు. అందులో రెండే ముక్కలు: జబ్బు పేరు, ఎన్ని రోజులు ఫిజియో. ఆ చీటీకి ఎదురు చెప్పడం మా దగ్గర ఆచారం కాదు. చెప్పకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. నేను చేరిన కొత్తలో మా సీనియరు ఒకాయన, "సార్, ఇది మోకాలు నొప్పి కాదేమో, నడుం నుంచి దిగుతున్నట్టుంది" అన్నాడు. "అయితే రా, నా కుర్చీలో నువ్వే కూర్చో" అన్నారు పెద్ద డాక్టరు గారు, అందరి ముందూ. ఆ సీనియరు మళ్ళీ నోరెత్తలేదు. చూసిన నేనూ ఎత్తలేదు. చీటీలో మోకాలని ఉంటే మోకాలికి, భుజమని ఉంటే భుజానికి, పదిహేనేళ్ళు కరెంటు పెట్టాను.

కాసిం మాస్టారు

గవర్నర్‌పేటలో ఒక సందులో కాసిం గారికి టైలరింగ్ దుకాణం ఉండేది. లాయర్ల నల్లకోట్లకి ఆయన పెట్టింది పేరు. నా దగ్గరికి వచ్చేనాటికి వయసు యాభై మూడు. పదహారో ఏట నుంచీ బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పసుపుపచ్చ ఊలు బంతితో, మట్టి కోర్టులో, అటు ఐదుగురూ ఇటు ఐదుగురూ ఆడే ఆట. ఒకప్పుడు మన జిల్లాలో చాలా హైస్కూళ్ళలో ఉండేది. కాసిం గారు కోర్టు వెనక భాగంలో, వాళ్ళ భాషలో చెప్పాలంటే బ్యాక్‌లో, ఆడేవారు. నెత్తి మీదుగా పోయే బంతిని వెనక్కి పరిగెత్తి, ఎగిరి కొట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని గ్రౌండులో చెప్పుకునేవాళ్ళు.

దెబ్బ తగిలిన మూడో రోజున చీటీ పట్టుకుని వచ్చారు. కుంటుతున్నారు కానీ నడుస్తున్నారు.

"ఏం జరిగిందండీ?" అన్నాను.

"ఏం చెప్పమంటారు మేడమ్! బంతి కోసం వెనక్కి అడుగేశాను. టప్పుమని, వెనక నుంచి కాలి మీద బ్యాట్ పెట్టి కొట్టినట్టయింది. తిరిగి చూస్తే మా సాంబశివరావు నిలబడున్నాడు. వాడే కొట్టాడని నానా తిట్లూ తిట్టేశా. వాడేమో పిల్లల మీద ఒట్టు, నేను కొట్టలేదంటాడు. ముప్పై ఏళ్ళ స్నేహమండీ. మూడు రోజుల్నుంచీ మాటల్లేవు."

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. జబ్బంతా ఆయన ఆ మాటల్లోనే చెప్పేశారు. నలభై దాటిన ఆటగాడు వెనక నుంచి ఎవరో కొట్టినట్టయిందని చెప్పి, కొట్టినవాడు మాత్రం దొరకలేదంటే, మడమ వెనకుండే లావుపాటి నరం తెగిందేమోనని ముందు అనుమానించాలి. పుస్తకాల్లో దాన్ని టెండన్ అంటారు. మనవాళ్ళు అన్నిటినీ నరమే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఇదంతా కాలేజీలో చదివి పరీక్ష రాసిందాన్నే. కానీ చేతిలో చీటీ ఉంది. పిక్క కండరం పట్టింది, పది రోజులు ఫిజియో, ఆటలు బంద్ అని అందులో రాసి ఉంది.

బోర్లా పడుకోబెట్టి చెయ్యి వేశాను. మడమకి మూడు వేళ్ళ పైన బిగిసిన తాడులా తగలాల్సిన చోట నా బొటనవేలు లోపలికి దిగిపోయింది. గుంట. రెండో కాలు పట్టుకుని చూశాను. అక్కడ గుంట లేదు.

ఆయన్ని అలాగే ఉండమని, పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళాను. బయట బెంచీలు నిండిపోయి ఉన్నాయి.

"ఏంటి ఎస్తేరూ?" అన్నారు తలెత్తకుండానే.

"ఆ టైలరు గారి కాలు సార్. కొంచెం..." అని నీళ్ళు నమిలాను.

"కొంచెం ఏంటి?"

"ఏం లేదు సార్. వాపు కొంచెం ఎక్కువగా ఉంది."

"యాభై మూడేళ్ళకి ఎగిరితే వాపు రాదా? వేడి పెట్టు, అదే తగ్గుతుంది."

తిరిగి వచ్చేశాను. ఆయన గదికీ నా గదికీ మధ్య వరండాలో నాకు నేను చెప్పుకున్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "నడుస్తున్నాడుగా. యాభై మూడేళ్ళొచ్చాయి. ఇంక ఆడేదేముంది?" అనుకున్నాను. పెద్ద డాక్టరు గారంటే భయం ఉన్నమాట నిజమే. కానీ ఆ బల్ల మీద పందొమ్మిదేళ్ళ కాలేజీ ప్లేయరు పడుకుని ఉంటే, ఆ భయంతోనే, వణుకుతూనే, నోరు విప్పేదాన్ని. అది నాకు బాగా తెలుసు.

వేడి మైనం పట్టీలు వేశాను, కరెంటు పెట్టాను. పది రోజులు కాస్తా నెల రోజులయ్యాయి. వారం దాటాక ఒక వ్యాయామం కూడా నేర్పాను. కాలు చాపుకుని కూర్చుని, పాదానికి తువ్వాలు తగిలించి, రెండు చేతులతో తన వైపు లాగాలి. పిక్క పట్టేసినవాళ్ళకి మంచి వ్యాయామమే. కాసిం గారు మనిషి నిక్కచ్చి. పూటకి ఇరవై సార్లంటే ఇరవై సార్లు, ఇంటి దగ్గరా దుకాణంలోనూ లెక్క తప్పకుండా లాగారు. తెగిన నరం కొసలు రెండింటినీ అలా రోజూ దూరం చేసుకుంటున్నారని ఆయనకి తెలియదు. నాకు తెలిసుండాల్సింది.

"పోనీ ఆట మానేస్తే సరిపోయేదిగా మాస్టారూ?" అన్నాను ఒకరోజు, అందరూ అనే మాటే.

ఆయన నొచ్చుకోలేదు. "పొద్దున మిషను ముందు కూర్చున్నానంటే మెడ వంచుకునే బతుకండీ నాది. గుండీ కాజాలు చూసీ చూసీ కళ్ళు కూడా కిందికే అలవాటైపోయాయి. ఆ పొద్దుటి గంటన్నరే నేను తలెత్తి పైకి చూసేది" అన్నారు. ఆ వెంటనే, "గెలవక్కర్లేదు మేడమ్. మళ్ళీ బ్యాక్‌లో నిలబడి ఆడగలిగితే చాలు. అంతకంటే ఏమీ అడగను" అన్నారు.

నేను మిషను తిప్పి కరెంటు కొంచెం పెంచాను.

గురువారం

ఆ రోజుల్లో ప్రతి గురువారం గుంటూరు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చేవారు. ఆటల్లో తగిలే దెబ్బల గురించి ప్రత్యేకంగా చదువుకొచ్చారని చెప్పేవాళ్ళు. వరండా చివర ఒక చిన్న గది ఇచ్చారు కానీ, ఆయన దగ్గరికి రోగులని పంపేవాళ్ళే లేరు. పొద్దుపోక నా గదిలోకి వచ్చి, బల్లల మీద ఉన్నవాళ్ళతో కబుర్లు పెట్టుకునేవారు. పని లేని డాక్టరని మేం వెనక నవ్వుకునేవాళ్ళం కూడా.

కాసిం గారికి దెబ్బ తగిలి నెల దాటాక ఒక గురువారం ఆయన బోర్లా పడుకుని ఉన్నారు. కుర్ర డాక్టరు వచ్చి స్టూలు లాక్కున్నారు.

"ఏం ఆటండీ మీది?"

"బాల్ బ్యాడ్మింటనండీ."

"అబ్బో! మా తాతగారి ఊళ్ళో ఆడేవాళ్ళు. మీదే పొజిషను?"

"బ్యాకండీ."

"కాలికేమైంది?"

కాసిం గారు బ్యాట్ కథంతా చెప్పారు, సాంబశివరావు ఒట్టుతో సహా. నేను నవ్విన చోట ఆ డాక్టరు నవ్వలేదు. స్టూలు మీంచి లేచారు. పాదాలు రెండూ బల్ల దాటి వేలాడేలా కాస్త కిందికి జరగమన్నారు. బాగున్న కాలి పిక్క గుప్పిట్లో పట్టి నొక్కారు. పాదం కదిలింది. రెండో పిక్క నొక్కారు. పాదం కదల్లేదు. ఇంకోసారి నొక్కారు. ఊహూ.

పట్టుమని నిమిషం పట్టలేదు. ఆ పరీక్ష నాకు తెలియనిది కాదు. ఆయన నా వైపు చూశారు. నాలుగు తిట్టినా బాగుండేది.

"కాసిం గారూ, మీ మడమ నరం తెగిందండీ. మిమ్మల్ని ఎవరూ కొట్టలేదు. అది తెగినప్పుడు అలాగే ఉంటుంది" అన్నారు.

కాసిం గారు దిగ్గున లేచి కూర్చున్నారు. "అయితే సాంబడు కొట్టలేదన్నమాట! అయ్యయ్యో, నెల రోజులుగా వాడి మొహం చూడట్లేదండీ నేను!"

కాలి నరం తెగిందంటే ముందు స్నేహితుడు గుర్తొచ్చిన మనిషాయన. డాక్టరు కూడా అప్పుడు నవ్వారు. తర్వాత స్టూలు మీద కూర్చుని, "ఒక మాట చెప్పండి. మీకు మళ్ళీ ఆడాలనుందా?" అని అడిగారు.

నెల రోజుల్లో మేం కాసిం గారిని చాలా అడిగాం. నొప్పెక్కడ, వయసెంత, షుగరుందా, బీపీ ఉందా, అన్నీ అడిగాం. ఇదొక్కటే ఎవరం అడగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉందండీ" అన్నారు.

"కొత్తలో అయితే కొసలు దగ్గరికి తెచ్చి కుట్టేసేవాళ్ళం. ఇప్పుడు దూరం జరిగిపోయాయి. కాలి బొటనవేలిని వంచే నరాన్ని తెచ్చి ఇక్కడ అతకాలి. నడక బాగుంటుంది. మెట్లెక్కుతారు. ఆట సంగతి మాత్రం నేను మాటివ్వలేను" అన్నారు డాక్టరు.

"మొదట్లోనే ఎందుకు తెలియలేదండీ?" అన్నారు కాసిం గారు.

డాక్టరు, "ఒక్కోసారి వాపులో తెలియదండీ" అని సర్దేశారు. ఒక డాక్టరు తప్పు ఇంకో డాక్టరు రోగి ముందు చెప్పడు, అదీ మా దగ్గర ఆచారమే. ఆ పూటకి నేను కూడా ఆ మాట చాటునే బతికిపోయాను.

దుకాణంలో

ఆదివారం చర్చిలో మోకరించి దేవుడికి చెప్పేశాను. అది తేలికే, ఆయన ఎదురు ప్రశ్న వేయడు. బయటికొచ్చాక కూడా గుండె బరువు దిగలేదు. సోమవారం సెలవు పెట్టి గవర్నర్‌పేట వెళ్ళాను.

కాసిం గారు నన్ను చూసి కంగారుగా లేవబోయారు. "రండి మేడమ్, రండి. అయితే మేం లేడీస్‌వి కుట్టమండీ, జెంట్స్‌వే" అన్నారు.

"కుట్టించుకోవడానికి రాలేదు మాస్టారూ. మీ కాలి గురించి ఒకటి చెప్పాలి. మొదటి రోజే నా వేలికి తగిలింది."

"ఏంటండీ?"

"ఆ గుంట. తెగిందేమోనని అప్పుడే అనుమానమొచ్చింది. చెప్పలేదు."

మిషను చక్రం మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "పెద్ద డాక్టరు గారంటే భయపడ్డారా?" అన్నారు.

పాపం, తప్పించుకోవడానికి దారి ఆయనే చూపించారు. ఔనంటే సరిపోయేది. "అదొక్కటే కాదండీ. ఇంత వయసొచ్చాక మీరింక ఆడకపోతే మాత్రం ఏం పోయిందిలే అనుకున్నాను" అన్నాను.

ఆయన కోటు అంచున వేలాడుతున్న దారం తుంచారు. "మీ వయసెంత మేడమ్?"

"నలభై ఒకటి."

"ఇంకో పన్నెండేళ్ళకి నేనొచ్చి, మీరింక ఈ పని చెయ్యకపోతే మాత్రం ఏం పోయిందిలే అంటే మీకెలా ఉంటుందండీ?"

ఆయన కోప్పడలేదు. "వెళ్ళి రండి మేడమ్. ఎండెక్కుతోంది" అన్నారు మర్యాదగా. సందు చివరిదాకా ఏడుపు ఆపుకుని నడిచాను.

మర్నాడు పెద్ద డాక్టరు గారికీ చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నారు. "ఆ రోజు నా గుమ్మం దాకా వచ్చి ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెబితే వినేవారా సార్?"

తర్వాత కొన్నాళ్ళకి ఆయన చీటీల మీద, అన్నిటి మీదా కాదు, కొన్నిటి మీద, జబ్బు పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం కనిపించడం మొదలైంది. ఆయన వయసుకీ స్వభావానికీ అది తక్కువేమీ కాదని నేను అనుకుంటాను.

కాసిం గారికి ఆపరేషను అయింది. ఆ తర్వాతి వ్యాయామానికి ఆయన నా దగ్గరికి రాలేదు, ఇంకో ఫిజియో దగ్గరికి వెళ్ళారు. వెళ్ళడమే న్యాయం. ఏడాది దాటాక ఆడుతున్నారని తెలిసి, ఒకరోజు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళి గేటు బయట నిలబడి చూశాను. ఆయన ముందు వరసలో, వల దగ్గర ఆడుతున్నారు. ఒక బంతి ఆయన నెత్తి మీదుగా వెళ్ళింది. తలెత్తి చూశారు, వెనక్కి ఒక అడుగు వేశారు, ఆగిపోయారు. "సాంబా!" అని కేకేశారు. ఇప్పుడు బ్యాక్‌లో ఆడుతున్న సాంబశివరావు పరిగెత్తాడు. నేను లోపలికి వెళ్ళలేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఇప్పుడు ఆ కంకిపాడు పిల్ల అడిగినదానికి వస్తాను. అమ్మాయ్, వయసు చదవకముందే కాలు పట్టుకుని చూసే డాక్టరెవరో కనుక్కో. నొప్పి ఉన్న కాలితోపాటు బాగున్న కాలు కూడా చూస్తున్నాడా లేదా గమనించు. ఏం ఆట, ఎక్కడ నిలబడి ఆడతారు, మళ్ళీ ఆడాలనుందా అని అడగాలి. ఇవి అడగనివాడు ఎంత పెద్దవాడైనా మన ఆటగాళ్ళకి పనికిరాడు. విరిగిన ఎముకకైతే మాత్రం కళ్ళు మూసుకుని ఆ పెద్దవాడి దగ్గరికే పంపు.

ఆట మానమన్న ప్రతి డాక్టరూ చెడ్డవాడేం కాదు. కొందరు మానాల్సిందే. అయితే చూసి, పరీక్ష చేసి, ఎందుకో చెప్పి మానమనాలి. గుమ్మంలోనే అనకూడదు. అలాగని ఆటగాడి ముచ్చట తీర్చేవాడిని నెత్తిన పెట్టుకోకు. ఆ గురువారం డాక్టరు తర్వాత మంచి పేరు తెచ్చుకున్నారు కానీ, ఆయనకీ తొందరెక్కువే. పోటీలున్నాయని బతిమాలితే కరిగిపోయి, దెబ్బ పూర్తిగా మానకముందే ఆడుకోమనేవారు. అలా వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి నా బల్ల మీదికే వచ్చారు. "సార్, వీళ్ళని మీరే పాడు చేస్తున్నారు" అని మొహం మీదే అన్నాను. అప్పటికి నాకు నోరొచ్చింది.

చేసి చూపించమని అడగడం కూడా నేర్చుకో. కూచిపూడి నుంచి ఒక నాట్యం టీచరు గారు వచ్చేవారు, యాభై ఏడేళ్ళావిడ. మోకాలు నొప్పి. ఎక్స్‌రేలో అరుగుదల ఉంది, ఆ వయసులో ఎవరికి తీసినా ఉంటుంది. ముగ్గురు డాక్టర్లు నాట్యం మానమన్నారు. "రేపొచ్చేటప్పుడు మీ ఇత్తడి పళ్ళెం తెచ్చుకోండి" అన్నాను. ఆవిడ నా గదిలో పళ్ళెం అంచు మీద నిలబడి నాలుగు అడుగులు వేశారు. మోకాలి సంగతి అటుంచి, ఎడమ చీలమండ పక్కకి ఒరిగిపోతోంది. ఎప్పుడో చిన్నప్పుడు బెణికి సరిగ్గా మానలేదట, ఆవిడే మర్చిపోయారు. చీలమండకి బలం తెచ్చే వ్యాయామాలు చేయించాక మోకాలు దారికొచ్చింది. చీటీలో మోకాలనే ఉంది. ఈసారి చీటీ పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళి, నీళ్ళు నమలకుండా చెప్పాను.

ఇవన్నీ కాసిం గారి కాలి ఖర్చున నేర్చుకున్నవి. ఆయన నన్ను క్షమించారో లేదో నేనెప్పుడూ అడగలేదు, అడిగే హక్కు నాకుందనుకోలేదు. దుకాణం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కకి దాటి పోయేదాన్ని.

ఆయన ఆపరేషనైన మూడేళ్ళ తర్వాత అనుకుంటాను, హైస్కూల్లో ఆటలు నేర్పే మాస్టారు ఒకాయన, నలభై ఏడేళ్ళ వాలీబాల్ ప్లేయరు, చీటీ లేకుండా నేరుగా నా గదికి వచ్చి బల్ల ఎక్కి పడుకున్నారు.

"ఎవరు పంపారండీ?" అన్నాను.

"టైలర్ కాసిం మాస్టారండీ."

"ఏమని పంపారు?"

ఆయన మొహమాటపడ్డారు. "ఉన్నదున్నట్టు చెప్పండి, పర్లేదు" అన్నాను.

"ఆవిడ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. నోటితో చెప్పేదాకా మాత్రం బల్ల దిగొద్దు అన్నారండీ."